నెల్సన్ కింద సింహాలు, పక్కన హేవలాక్

లండన్‌లో దిగిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మొదటి శనివారం ఏం చేస్తాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌లో రైలు దిగుతాడు. బిగ్ బెన్ ముందు ఒకటి, వంతెన మీద ఒకటి ఫొటోలు దిగుతాడు. వైట్‌హాల్ రోడ్డు పట్టుకుని నడిచి ట్రఫాల్గర్ స్క్వేర్ చేరతాడు. అక్కడో ఎత్తయిన స్తంభం, దాని కింద నాలుగు సింహాలు. సింహం పక్కన నిలబడి ఇంకోటి దిగుతాడు. సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్ రెడీ.

దానికి వచ్చే జవాబులు రెండే రెండు రకాలు. ఒకటి: "ఎంత నీట్‌గా పెట్టుకున్నార్రా, మనవాళ్ళూ ఉన్నారు ఎందుకూ!" రెండోది: "అంతా మన దగ్గర దోచుకెళ్ళిన డబ్బే కదా బ్రో."

ఈ రెండు మాటలూ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటిది బానిస బుద్ధి, రెండోది దేశభక్తి అనుకుంటారు చాలామంది. నా లెక్కలో రెండూ ఒకటే, బద్ధకం. ఎందుకంటే ఆ రెంటిలో ఏ మాట అన్నవాడైనా ఆ స్క్వేర్‌లో ఒక్క విగ్రహం కింద ఏం రాసుందో చదివిన పాపాన పోలేదు. పది పేజీల ఎర్రర్ లాగ్ ఓపిగ్గా చదివే జాతి మనది. రాతి మీద నాలుగు లైన్లు చదవడానికి మాత్రం టైముండదు!

ముందు స్తంభం సంగతి చూద్దాం. 1805 అక్టోబరు 21న స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ అనే చోట ఇంగ్లండు నౌకాదళానికీ, ఫ్రాన్స్-స్పెయిన్ ఉమ్మడి నౌకాదళానికీ యుద్ధం జరిగింది. ఇటు 27 పెద్ద యుద్ధ నౌకలు, అటు 33. ఇంగ్లీషువాళ్ళు ఒక్క నౌక కూడా పోగొట్టుకోకుండా గెలిచారు. వాళ్ళ అడ్మిరల్ నెల్సన్ మాత్రం తుపాకి గుండు తగిలి పోయాడు. ఆయనకోసం 1840-43 మధ్య ఈ స్తంభం కట్టారు. సింహాలు వచ్చింది 1867లో. అంటే పాతికేళ్ళ ఆలస్యం. రెండు వారాలు లేటైతే మన ప్రాణం తీసే క్లయింట్లని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి :) ఇంకా తమాషా ఏంటంటే, ఈ స్తంభం దాదాపు 56 మీటర్ల ఎత్తని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు. 2006లో బాగుచేసేటప్పుడు సరిగ్గా కొలిస్తే 51.6 మీటర్లే తేలింది. కళ్ళెదురుగా ఉన్నదాన్ని కూడా ఎవరో ఒకరు పనిగట్టుకుని చూస్తే తప్ప నిజం తెలీదన్నమాట.

స్తంభం అడుగున నాలుగు వైపులా నాలుగు కంచు ఫలకాలున్నాయి. కేప్ సెయింట్ విన్సెంట్, నైలు, కోపెన్‌హేగన్, ట్రఫాల్గర్. ఇవి నెల్సన్ యుద్ధాలు. ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోతపోసినవని చెప్తారు. వైట్‌హాల్ వైపున్న ఫలకంలో నెల్సన్ చనిపోతున్న దృశ్యం ఉంటుంది. అందులో తుపాకి పట్టుకున్న ఒక నల్లజాతి నావికుడు ఉన్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు వెతకండి. ఇంగ్లండు గెలిచిన యుద్ధాలు ఇంగ్లీషువాళ్ళు ఒక్కళ్ళే చెయ్యలేదన్న సంగతి వాళ్ళ స్తంభమే ఒప్పుకుంటోంది.

"సరేలే, యూరపోళ్ళు యూరపోళ్ళు కొట్టుకున్నారు, మధ్యలో మనకేంటి?" అంటారా? వైజాగ్ వాళ్ళు కాస్త ఇటు వినండి. ట్రఫాల్గర్‌కి పదమూడు నెలల ముందు, 1804 సెప్టెంబరు 15న, అదే యుద్ధంలో భాగంగా విశాఖపట్నం తీరంలో ఫిరంగులు మోగాయి. ఇంగ్లీషువాళ్ళ 'సెంచూరియన్' అనే 50 ఫిరంగుల యుద్ధనౌక, దాని కాపలాలో 'బర్నబస్', 'ప్రిన్సెస్ షార్లెట్' అనే రెండు వర్తక నౌకలు అక్కడ లంగరేసి ఉన్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా 74 ఫిరంగుల 'మరెంగో'తో, ఇంకో రెండు నౌకలతో వచ్చి మీదపడ్డాడు. బర్నబస్ ఒడ్డుకి కొట్టుకొచ్చి బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్ళకి చిక్కింది. సెంచూరియన్ చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ ఎక్కి దిగినవాళ్ళు, 1971 యుద్ధస్మారకం దగ్గర ఐస్‌క్రీం తిన్నవాళ్ళు నాకు బోలెడుమంది స్నేహితులున్నారు. ఈ 1804 సంగతి చెప్తే ఒక్కడూ విన్నట్టు లేడు. అంతెందుకు, ఆ నెల్సనే 1774లో పదిహేనేళ్ళ కుర్రాడిగా 'సీహార్స్' అనే ఓడలో మద్రాసు వచ్చాడు. రెండేళ్ళు మన సముద్రాల్లో తిరిగి జ్వరంతో ఇంటికెళ్ళాడు. కాబట్టి ఆ స్తంభం మీదున్న మనిషికి మన తీరం కొత్త కాదు. మనకే ఆయన కొత్త.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. స్తంభానికి చెరోవైపు, కాస్త వెనగ్గా, రెండు విగ్రహాలున్నాయి. ఎవరూ ఫొటో దిగరు, వాటి అరుగుల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటారంతే. ఒకటి సర్ చార్లెస్ నేపియర్, 1843లో సింధ్‌ని ఆక్రమించిన సేనాని. రెండోది మేజర్ జనరల్ సర్ హెన్రీ హేవలాక్.

క్రితం వేసవిలో ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ముగ్గురిని తీసుకెళ్ళి ఇవన్నీ చూపించా. అందులో ఒకడిది మా రాజమండ్రే. పేరు చదివి ఎగిరి గంతేశాడు. "బాబాయ్, మన బ్రిడ్జాయన! హేవలాక్ బ్రిడ్జి!" కాదురా నాయనా అని చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. 1897లో మొదలెట్టి 1900లో రైళ్ళు నడిపి, 1997లో మూసేసిన గోదావరి పాత వంతెన మద్రాసు గవర్నరు ఆర్థర్ ఎలిబాంక్ హేవలాక్ పేరుది. ఈయన వేరు, అంతకి నలభై ఏళ్ళ ముందే పోయినవాడు. రైల్వేలో పనిచేసిన మా తాతయ్య పుణ్యమా అని ఈ తేడా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. చెన్నైలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకీ ఇదే తిరకాసు. అక్కడి నేపియర్ బ్రిడ్జి ఇంకో గవర్నరు నేపియర్ పేరుది, ఈ సింధ్ నేపియర్‌ది కాదు. ఒక్కొక్క పేరుకీ ఇద్దరేసి దొరలు. మనం మాత్రం ఏ ఒక్కడూ ఎవరో తెలీకుండానే వాళ్ళ పేర్లని నూరేళ్ళు నోట్లో నానబెట్టుకున్నాం.

మరి ఈ హెన్రీ హేవలాక్ ఏం చేశాడు? 1857 తిరుగుబాటులో జూలైలో అలహాబాద్ నుంచి సేనతో బయల్దేరి, దారిపొడుగునా పోరాడుతూ జూలై 17న కాన్పూర్‌లో అడుగుపెట్టాడు. సెప్టెంబరు 25న లక్నో రెసిడెన్సీలో చిక్కుకున్న తనవాళ్ళని చేరుకున్నాడు. నవంబరు 24న జిగట విరేచనాలతో అక్కడే చనిపోయాడు. 1861లో విగ్రహం లేచింది. ఆయనకీ, ఇండియా దండయాత్రలో ఆయన వెంట నడిచిన వీరులకీ అని కింద చెక్కారు. మీ కష్టాల్ని దేశం మరిచిపోదు అని ఆయన తన సైనికులతో అన్న మాట కూడా ఉంది. అవతలివైపు చచ్చినవాళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు.

ఆ వెంట నడిచిన 'వీరుల్లో' ఒకడి పేరు జేమ్స్ నీల్. మద్రాసు ఫ్యూజిలియర్స్ అనే పటాలానికి అధిపతి. పటాలం తెల్లవాళ్ళది, పేరు మాత్రం మన మద్రాసుది. ఈ నీల్ 1857 జూన్‌లో బెనారస్‌లోనూ అలహాబాద్‌లోనూ సిపాయిలనీ, మామూలు జనాన్నీ తేడా లేకుండా ఉరితీయించాడు. ఊళ్ళు తగలబెట్టమని ఆజ్ఞలిచ్చాడు. కాన్పూర్‌లో దొరికినవాళ్ళ చేత నేల మీద ఎండిన నెత్తురు నాకించి మరీ ఉరితీయించాడు. హేవలాక్‌కీ ఈయనకీ పడేది కాదు, అది వేరే సంగతి. ఇద్దరూ ఒకే సేనలో ఒకే దారిన నడిచారు.

ఇక్కడ ఇంగ్లీషు మిత్రులు ఎప్పుడూ తెచ్చే మాట ఒకటుంది, బీబీఘర్. కాన్పూర్‌లో బందీలుగా ఉన్న ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ నరికి బావిలో పడేశారు. నిజమే. అది ఘోరం, నేను దాచను, సమర్థించను. కానీ తేదీలు చూడండి. బీబీఘర్ జూలై 15న జరిగింది. అలహాబాద్ ఉరులు జూన్‌లో జరిగాయి. జూలైలో జరిగినదానికి జూన్‌లో ప్రతీకారం ఎలా తీర్చుకుంటారు? ఏ టైమ్‌జోన్‌లో లెక్కేసినా కుదరదు.

"అయితే ఏం చెయ్యమంటావ్, విగ్రహం పీకెయ్యాలా?" అనడిగాడు మా టీంలో హైదరాబాద్ కుర్రాడు. ఆ మాట ఇక్కడ ఎప్పుడో వచ్చింది. 2000లో లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఈ ఇద్దరు జనరల్స్‌నీ తీసేసి, జనానికి తెలిసిన మనుషుల్ని పెడదామన్నాడు. వీళ్ళెవరో, ఏం చేశారో తనకే తెలీదన్నాడు. ఆ ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది. నన్నడిగితే ఆగిపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఆయన చెప్పిన కారణం తప్పు. ఎవరో తెలీదు కాబట్టి తీసేద్దాం అంటే ఎలా? ఏం చేశాడో తెలుసు కాబట్టి తీసేద్దాం అంటే అది న్యాయం. తెలీదు కాబట్టి తీసేస్తే చేసినదంతా మాఫీ అయిపోయినట్టేగా!

సరైన కారణంతో ఈ పని చేసినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. పైన చెప్పిన నీల్‌కి మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక విగ్రహం ఉండేది. 1927లో దాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం జరిగింది. వాలంటీర్లు జైళ్ళకెళ్ళారు, గాంధీజీ మద్దతిచ్చారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ మద్రాసు రాష్ట్రంలోవే. నీల్ ఎవరో, అలహాబాద్‌లో ఏం చేశాడో ఊరూవాడా మీటింగులు పెట్టి చెప్పారు. 1937లో రాజాజీ ప్రభుత్వం రాగానే ఆ విగ్రహాన్ని రోడ్డు మీంచి తీసి మద్రాసు మ్యూజియంకి పంపింది. పగలగొట్టలేదు, ముక్కలు చెయ్యలేదు. పూజ నుంచి పరీక్షకి మార్చారు. 2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పడదోసి నీళ్ళలోకి తోశారు, తర్వాత దాన్ని మ్యూజియంలో పెట్టారు. ప్రపంచమంతా అబ్బురంగా చర్చించింది. ఆ పని మద్రాసు 83 ఏళ్ళ ముందే చేసింది, అదీ చట్టబద్ధంగా.

ఇప్పుడు మనవైపు తిరుగుదాం. ఇంగ్లీషువాళ్ళని మాత్రమే తిట్టి ఊరుకుంటే నేనూ ఆ వాట్సాప్ బ్యాచ్‌లోవాణ్ణే అవుతా.

మీలో సగం మంది హనీమూన్‌కి అండమాన్ వెళ్ళుంటారు. హేవలాక్ ఐలాండ్, నీల్ ఐలాండ్. ఆ హేవలాక్ ఈ స్క్వేర్‌లో ఉన్నాయనే, ఆ నీల్ మద్రాసు రోడ్డు మీంచి మనం దింపినవాడే! ఆ దీవుల వరసకి 1857లో తిరుగుబాటుని అణిచిన దొరల పేర్లు పెట్టారు. ఇక పోర్ట్ బ్లెయిర్‌లో 1858లో ఖైదీల స్థావరం మొదలెట్టింది ఎవరికోసం? 1857లో ఓడిపోయి పట్టుబడ్డ మనవాళ్ళ కోసం. నిన్ను ఓడించినవాడి పేరున్న దీవుల పక్కన నువ్వు చచ్చేదాకా బండలు కొట్టాలి. ఇంతకంటే పకడ్బందీగా అవమానం ఎవరు డిజైన్ చెయ్యగలరు?

2018 డిసెంబరు 30న హేవలాక్‌ని స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ని షహీద్ ద్వీప్‌గా మార్చారు. మంచిదే, నేను చప్పట్లు కొట్టా. కానీ ఆ రోజు టీవీల్లో హేవలాక్ ఎవరో, నీల్ ఎవరో ఎంతమంది చెప్పారు? అదే వరసలో ఔట్రం, నికల్సన్, లారెన్స్ పేర్లున్న దీవులూ ఉన్నాయి. వాళ్ళూ అదే 1857 బాపతు. ఆ రోజు జాబితాలో అవి లేవు. టూరిస్టులు వెళ్ళని దీవికి అవమానం ఉండదు కాబోలు! ఎందుకు మారుస్తున్నామో రాయకుండా ఫైలు డిలీట్ చేసి కమిట్ కొట్టేవాణ్ణి కోడ్ రివ్యూలో మనం ఏమంటాం? ఇక్కడ జరిగింది అదే. పేరు పోయింది, దాంతోపాటు ఆ పేరు చేసిన నేరమూ పోయింది. లివింగ్‌స్టన్ లండన్‌లో చెయ్యబోయి ఆగిపోయిన పని మనం అండమాన్‌లో దిగ్విజయంగా పూర్తిచేశాం.

హైదరాబాద్ వాళ్ళకి ఇంకో ముక్క. హేవలాక్ కాన్పూర్‌లో అడుగుపెట్టిన 1857 జూలై 17నే, సరిగ్గా అదే రోజు, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడిచేశారు. కోఠీ ఉమెన్స్ కాలేజీ భవనం ఉంది చూడండి, అదే ఆ రెసిడెన్సీ. తుర్రేబాజ్ ఖాన్‌ని 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు, ఆయన అక్కడే కన్నుమూశాడు. మీరు స్కూబా డైవింగ్ చేసొచ్చిన అండమాన్‌లోనే. కోఠీలో వాళ్ళ జ్ఞాపకంగా ఒక స్తూపం ఉంది. మా టీం కుర్రాడు ఆ దారినే నాలుగేళ్ళు బస్సులో కాలేజీకి వెళ్ళాడట, స్తూపం చూసిన గుర్తు లేదన్నాడు. అలాంటప్పుడు లండన్ వాళ్ళు హేవలాక్‌ని చదవకుండా శాండ్‌విచ్ తింటున్నారని ఏడవడానికి మనకున్న హక్కేంటి?

"వాళ్ళ వీసా మీద బతుకుతూ వాళ్ళ విగ్రహాన్నే తప్పుపడతావా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదూ?" అని ఒక సీనియర్ అన్నారు. అన్నగారూ, వాసాలు లెక్కపెట్టడం కాదు, వాసాలకి నా డబ్బులూ ఉన్నాయి. నేను కట్టే కౌన్సిల్ టాక్సులో ఒక వాటా గ్రేటర్ లండన్ అథారిటీకి వెళ్తుంది. ఆ స్క్వేర్‌ని చూసుకునేది వాళ్ళే. ఏటా దీపావళి పండగ కూడా ఆ స్క్వేర్‌లోనే చేస్తారు. మనవాళ్ళు పట్టుచీరల్లో వెళ్ళి డాన్సులేస్తారు, పైనుంచి హేవలాక్ చూస్తుంటాడు. పండగకి పనికొచ్చిన మనం ఒక బోర్డు అడగడానికి పనికిరామా?

అవును, నేను అడిగేది బోర్డే. విగ్రహం పీకొద్దు, ముసుగెయ్యొద్దు. పక్కన చిన్న ఫలకం పెట్టండి చాలు. దాని మీద ఏం రాయాలో కూడా చెప్తా:

"సర్ హెన్రీ హేవలాక్. 1857లో ఈస్టిండియా కంపెనీ పాలన మీద తిరగబడ్డ భారతీయ సిపాయిలతో, ప్రజలతో పోరాడి కాన్పూర్, లక్నో చేరిన సేనాధిపతి. ఆ తిరుగుబాటులో రెండువైపులా నిరాయుధులు చంపబడ్డారు. అణచివేతలో ఉరితీయబడ్డ భారతీయుల పేర్లు ఈ విగ్రహం మీద లేవు."

ఇందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క అబద్ధం లేదు. దీనికి అభ్యంతరం చెప్పేవాడు దేనికి భయపడుతున్నాడో వాడే చెప్పాలి. ఇలాంటిదే స్వరాజ్ ద్వీప్ జెట్టీ దగ్గర కూడా ఒకటి పెట్టాలి: ఈ దీవికి ఇదివరకు ఫలానావాడి పేరుండేది, వాడు చేసింది ఇది, అందుకే మార్చాం అని. రెండు ప్రభుత్వాలకీ కలిపి ఓ లారీడు గ్రానైట్ కూడా ఖర్చవదు.

గ్రేటర్ లండన్ అథారిటీకి నా ఉత్తరం ఈ ఆదివారం వెళ్తోంది, అందులో పైన రాసిన మూడు వాక్యాలూ ఉంటాయి. లండన్‌లో ఉన్నవాళ్ళు మీ పేరుతో మీరూ ఒకటి పంపండి, ఒక్కడు అడిగితే పిచ్చోడంటారు, రెండొందల మంది అడిగితే ఫైలు తెరుస్తారు. ఇండియాలో ఉన్నవాళ్ళు కోఠీ వెళ్ళి ఆ స్తూపం మీద ఏం రాసుందో చదివి రండి. ఇదంతా సొల్లు, నాకు సింహం మీద ఫొటో చాలు అంటారా? దిగండి, ఎవరొద్దన్నారు. దిగాక మాత్రం ఎడంపక్కకీ కుడిపక్కకీ ఒక్కసారి తలెత్తి చూడండి.